పాస్ కాని బిల్లుకు మొక్కిన మేక

గౌరవనీయులైన కార్యదర్శి గారి సముఖమునకు,
వైద్య హక్కు బిల్లుపై వేసిన సెలెక్ట్ కమిటీ,
శాసనసభ భవనం, రాజధాని.

అర్జీదారు: షేక్ కుతుబుద్దీన్, తండ్రి మరహూం (కీ.శే.) షేక్ ఇంతియాజ్, వృత్తి మటన్ కొట్టు, నివాసం ఎర్రవాగుపల్లె, నర్సింహులపేట దాటినాక, మహబూబాబాద్ జిల్లా.

విషయం: వైద్య హక్కు బిల్లును పాస్ చేయుట గురించి; వీలుపడని పక్షమున సదరు బిల్లు పాస్ కాదని ఒక్క ముక్క రాసి ఇప్పించుట గురించి; తత్సంబంధమైన ఒక మేక గురించి.

అయ్యా,

విషయంలోని మూడో సంగతి చూసి తమరు ఈ కాగితాన్ని పశువుల శాఖకు పంపించేస్తారేమోనని మా లస్మయ్య సారు ముందే భయపెట్టారు. సారు తహసీల్ ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఈ అర్జీ రాస్తున్న చెయ్యి ఆయనది. "సదరు", "తత్సంబంధమైన", "ఇందుమూలముగా" అనే మాటలు ఎక్కడ కనిపించినా అవి ఆయనవే. మిగిలిన తెలివితక్కువతనమంతా నాది. దయచేసి పశువుల శాఖకు పంపవద్దు. మేకకు ఏ రోగమూ లేదు.

నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. అర్జీదారు ఊళ్లో మటన్ కొట్టు నడుపుకొనుచు జీవనము సాగించుచున్నవాడు. మా నాయన కూడా ఇదే పని చేశాడు. మేకను దూరం నుంచి చూసి ఎంత తూగుతుందో చెప్పగలను, కాటా పెడితే పెద్దగా తేడా రాదు. ఇంత పనితనం ఉన్నవాణ్ని, నా వాకిట్లో ఉన్న నా మేకను కోసుకోవడానికి శాసనసభ ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తున్నాను. ఇట్లాంటి కసాయి ఈ దేశంలో ఇంకొకడు ఉన్నట్టు నాకు తెలియదు. తమ రికార్డుల్లో ఎవరైనా ఉంటే చిరునామా ఇప్పించగలరు, ఇద్దరం ఒకచోట కూర్చొని ఏడుస్తాము.

గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని సామెత. కసాయివాడు ఎవర్ని నమ్ముతాడో పెద్దలు చెప్పలేదు. తమరిని నమ్ముతాడు.

2. నాకు ఒక్కతే బిడ్డ, ఫరహత్. బయ్యారంలో ఇచ్చాను. అల్లుడు తౌఫీక్ అక్కడే బోరు మోటార్లు బాగుచేసుకుంటాడు, బుద్ధిమంతుడు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలనే ఆచారం మాలో ఉంది, తమలో కూడా ఉండే ఉంటుంది. మూడేళ్ల కింద అట్లే సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలైనవి. ఊరి దవాఖాన మా కొట్టుకు కూతవేటు దూరం. తలుపు తీసే ఉంది. నర్సమ్మ ఉంది, మంచం ఉంది, గోడ మీద నవ్వుతున్న తల్లీబిడ్డల బొమ్మ ఉంది. డాక్టరు లేరు. ఉన్న ఒక్క డాక్టరమ్మకు మూడు ఊళ్లు, ఆ రోజు ఆమె వంతు వేరే ఊరిది. ఆమెను నేను ఒక్క మాట కూడా అనను. ఒక మనిషిని మూడు ఊళ్లకు పంచితే ఏ ఊరికీ మనిషి మిగలదు.

బిడ్డ అడ్డం తిరిగింది, ఇక్కడ కాదు, మానుకోటకు తీసుకుపోండి అని నర్సమ్మ చెప్పింది. మానుకోట అంటే తమ కాగితాల్లోని మహబూబాబాదే. ఆటో మాట్లాడుకొని బయలుదేరాము. దారిలోనే అయిపోయింది. మగబిడ్డ. ఏడవలేదు.

ఈ చోట "దుర్ఘటన సంభవించినది" అని రాద్దామన్నారు లస్మయ్య సారు. నేను వద్దన్నాను. ఏడవలేదు అనే రాయమన్నాను.

3. ఆ తర్వాతి సంవత్సరం సర్కారు వారు వైద్య హక్కు బిల్లు తెస్తామని ప్రకటించారు. ప్రతి ఊరి దవాఖానలో రాత్రింబగళ్లు డాక్టరు ఉండాలని, కాన్పు చేసే మనుషులు ఉండాలని, లేకపోతే పైవాళ్లు జవాబు చెప్పాలని అందులో ఉందన్నారు. టీవీలో ఆ మాట విన్నప్పుడు నా చేతిలో ఉన్న కత్తి పక్కన పెట్టాను. ఎవరో మా ఇంటి సంగతి విని రాసినట్టే అనిపించింది. ఆ క్షణంలోనే మొక్కుకున్నాను.

మా దిక్కు ఏ ఆపద వచ్చినా అన్నారం దర్గాకు కందూరు మొక్కుతాము. హిందువులు, ముస్లింలు అని తేడా లేదు. మా పక్కింటి యాకయ్య ఆ దర్గా మొక్కుతో పుట్టినవాడే, అక్కడి బాబా పేరే వాడికి పెట్టారు. అనుకున్న పని అయితే మేకను అక్కడికి తీసుకుపోయి, అక్కడే కోసి, అక్కడే వండి, వచ్చినవాళ్లందరికీ కడుపునిండా పెట్టి రావాలి. పని కాకముందు కోయకూడదు. అంతవరకు ఆ మేకను అమ్మకూడదు, కొట్టకూడదు.

ఇక్కడే నా తెలివి ప్రదర్శించాను. లోకంలో అందరూ బిడ్డ పుడితే అని మొక్కుతారు, బోరులో నీళ్లు పడితే అని మొక్కుతారు. మా ఫరహత్ ఒడి నిండితే అని నేనూ మొక్కి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు. నేను మాత్రం "ఈ బిల్లు పాసైతే మేకనిస్తా" అన్నాను. ఒక్క మా ఇంటి కోసం కాదు, ఊరంతటి కోసం మొక్కుతున్నానన్న గొప్ప కూడా కొంత ఉండింది. దేవునికి నేరుగా పెట్టుకోవలసిన అర్జీని శాసనసభ మీదుగా పంపాను. అది అక్కడే ఆగింది.

4. బిల్లును సభలో ప్రవేశపెట్టిన రోజు కొట్టులో టీవీ పెట్టుకొని చూశాను. మంత్రిగారు లేచి చదివారు. సభ్యులంతా బల్లలు చరిచారు. పాసైందనుకున్నాను.

ఇందులో నా తప్పు కొంత, నా వృత్తి తప్పు కొంత. మేకల అంగడిలో బేరం నడుస్తున్నప్పుడు ఎవరూ చెయ్యి చరచరు. బేరం కుదిరినాకే చేతిలో చెయ్యి వేసి గట్టిగా చరుస్తారు. ఒకసారి ఆ చప్పుడు అయిందంటే అమ్మినవాడు మాట మార్చడు, కొన్నవాడు వెనక్కి పోడు. ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ని. అన్ని బల్లలు ఒకేసారి మోగితే పని ఖాయమనే అనుకుంటాను గదా. బేరం మొదలు కాకముందే చరిచే అంగడి ఒకటి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడే డీసీఎం వ్యాను కట్టించాను. బయ్యారం నుంచి వియ్యంకులు, మానుకోట నుంచి తౌఫీక్ అక్క కహ్కషాన్, మా వాడకట్టు మొత్తం బయలుదేరాము. దర్గా దగ్గర పొయ్యి మీద బగార అన్నం ఉడుకుతోంది. మేక మెడలో పూలదండ వేసి, నేను కత్తి నూరుతున్నాను. లస్మయ్య సారు నీడకు కూర్చొని ఆ రోజు పేపరు చదువుకుంటున్నారు. చదువుతూ చదువుతూ తల ఎత్తారు.

"కుతుబుద్దీన్, జర ఆగు. గిది పాస్ కాలే."

"నిన్న నేను కండ్లార చూసిన సారూ. అందరు బల్లలు కొట్టిండ్రు."

"కొడితె కొట్టిండ్రు. సెలెక్ట్ కమిటీకి పంపిండ్రట."

"కమిటీ ఏం జేస్తది?"

"చూస్తది."

"ఎన్నొద్దులు చూస్తది?"

"గది కమిటీకే తెల్వాలె."

దర్గాను చూసుకునే ముజావర్ దగ్గరికి పోయి, ఇంతదాకా వచ్చినం, కానీయండి అని బతిమాలాను. ఆయన సంగతంతా విని గడ్డం నిమురుకున్నాడు. "బోరు పడాలని మొక్కినోళ్లను చూసిన, కొలువు రావాలని మొక్కినోళ్లను చూసిన. సర్కారు కాయిదానికి మొక్కినోన్ని నిన్నే చూస్తున్న కుతుబ్ భాయ్. అన్న మాట తీరకముందే కత్తి పెడితె గది కందూరు కాదు, దావత్ అయితది. యాటను ఎత్తుకపో" అన్నాడు.

మేకను ఎత్తుకొచ్చాను. అంతకుముందు, వచ్చినవాళ్లు ఆకలితో పోకూడదు గనుక, ఊళ్లోకి మనిషిని పంపి సొరకాయలు తెప్పించాము. మటన్ కొట్టు కుతుబుద్దీన్ కందూరులో చుట్టాలు సొరకాయ దాల్చా తిని వచ్చారు. మా ఇంటావిడ ముంతాజ్ ఒక్క మాట మాట్లాడకుండా ఆ సొరకాయలు కోసింది. అంత చప్పుడుగా సొరకాయ కోయవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఇప్పటికీ ఏ పెళ్లికి పోయినా, వడ్డించేవాడు నా దగ్గర ఆగి, "అన్నా, నీకు సొరకాయేనా?" అని అడుగుతాడు.

5. సదరు మేక అప్పటినుంచి నా వాకిట్లోనే ఉన్నది. అప్పుడు లేతగా ఉండేది. ఇప్పుడు దాని గడ్డం నా గడ్డం కంటే పొడుగు. మొక్కిన మేక అని తెలుసు గనుక ఎవరూ కట్టె ఎత్తరు. ఆ సంగతి మేకకు కూడా తెలిసిపోయింది. కావలసిన చేనులో పడి మేస్తుంది, దారికి అడ్డంగా పడుకుంటుంది, ఇష్టం వచ్చినప్పుడు అరుస్తుంది, ఎవరికీ జవాబు చెప్పదు. వాడకట్టు పిల్లలు దానికి "అసెంబ్లీ" అని పేరు పెట్టారు. వద్దని నేను గట్టిగానే చెప్పాను. మొన్న ఎదురింటి పుష్పమ్మ వచ్చి, "అన్నా, మీ అసెంబ్లీ మా పెసరచేన్ల వడ్డది, కాయ మిగల్లే. కొడ్దామంటె మొక్కుదాయె, ఊకుందామంటె చేను పాయె. నేనెవలకు చెప్పుకోవాలె?" అని అడిగింది.

ఈ పేరు సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందని తమరు భావిస్తే, అర్జీదారును వదిలి మేకను పిలిపించుకోవలెనని మనవి.

6. ఆ సొరకాయ రోజు తర్వాత నాకు పట్టుదల వచ్చింది. బిల్లు ఎట్లా పాసవుతుందో లస్మయ్య సారు దగ్గర మొత్తం నేర్చుకున్నాను. ప్రవేశపెట్టడం, చర్చ, క్లాజులవారీగా పరిశీలన, సవరణలు, కమిటీ నివేదిక, నిరవధిక వాయిదా, అన్నీ నోటికి వచ్చు. ఖీమా కొడుతూ గిరాకీలకు క్లాజులు చెప్పేవాణ్ని. దాంతో కొందరు పక్క ఊరికి పోయి మటన్ తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అక్కడ ముక్కలో బొక్క ఎక్కువ గానీ ఉపన్యాసం ఉండదట.

సమావేశాలు వచ్చినప్పుడల్లా టీవీ ముందు కూర్చుంటాను. ఒకసారి గొడవ వల్ల సభ వాయిదా పడింది. ఒకసారి మా బిల్లు పేరు రాకముందే సమావేశాలు ముగిసినవి. ప్రతిసారి కమిటీ గడువు పొడిగించారు, అది మాత్రం గొడవ లేకుండా జరిగింది. సభ్యుల వైద్య ఖర్చులు పెంచే సవరణ ఒకటి వచ్చింది, పొద్దున ప్రవేశపెట్టారు, నేను భోజనానికి లేచి వచ్చేసరికి పాసైంది. నాకు కుళ్లు లేదు. సభ్యులు ఆరోగ్యంగా ఉంటేనే గదా గడువు పొడిగించడానికి ఓపిక ఉంటుంది. కమిటీ వారు వేరే రాష్ట్రానికి పోయి అక్కడి దవాఖానలు చూసి వచ్చారని పేపర్లో చదివాను. మా ఊరిది చూడలేదు. అందులో చూడడానికి ఏమీ లేదనే సంగతి ఎవరో ముందే చెప్పి ఉంటారు.

మా ఎమ్మెల్యేగారు ఒక పెళ్లికి వస్తే ఎదురుపోయి అడిగాను. "బిల్లు పరిశీలనల ఉన్నదన్నా, మన సర్కారుకు చిత్తశుద్ధి ఉన్నది" అన్నారు. ఆ తర్వాత పందిట్లోకి జొరబడ్డ మా మేకను చూసి, "మంచి జీవం. ఎంత తూగుతది?" అని అడిగారు. ఓడిపోయిన ఆయన కూడా అదే పెళ్లికి వచ్చారు. "మేముంటె ఎప్పుడో పాస్ చేస్తుంటిమి" అన్నారు. అంతకుముందు ఆయనే ఉన్నారు. ఆ మాట నేను అనలేదు, పెళ్లిలో బాగుండదని.

7. ఈ అంశం కింద నేను చెప్పి రాయించిన మాటలను ముంతాజ్ చదివించుకొని విన్నది, పోలీసులు వస్తారని చెప్పి తీసేయించింది. అంకె మాత్రం ఉంచాము.

8. ఇప్పుడు అసలు సంగతి. ఫరహత్‌కు మళ్లీ నెలలు నిండుతున్నవి. వచ్చే నెల కాన్పు.

మూడో నెలలోనే, కాన్పు ఎక్కడో తేల్చడానికి బయ్యారంలో పెద్దమనుషులు కూర్చున్నారు. కహ్కషాన్ మంచి మాట చెప్పింది. "చాచా, మా ఇల్లు మానుకోటల పెద్ద దవాఖాన పక్కనే. ఫరహత్‌ను నేను తోల్కపోత, నా చెల్లె లెక్క చూసుకుంట" అన్నది. తల ఊపి, చాయ తాగి లేచి రావలసినవాణ్ని. నేను లేచి నిలబడి, ఈ కాన్పు కూడా మా ఇంట్లోనే అన్నాను. ఈలోపు బిల్లు పాసైతది, మా ఊరి దవాఖానలో డాక్టరు కూర్చుంటది, నాది మాట అన్నాను. తౌఫీక్ నేల చూపు చూశాడు. వియ్యంకుడు ఏదో అనబోయాడు. ఫరహత్ అడ్డం వచ్చి, "అబ్బాజాన్ అన్నడంటె అయితది. నేను ఆడికే పోత" అన్నది.

ఎందుకు అట్లా అన్నానని తమరు అడగవచ్చు. పోయిన బిడ్డ నా గడప నుంచి పోయాడు. వచ్చే బిడ్డ నా గడపకే రావాలని కోరిక. అంతకంటే పెద్ద కారణం లేదు. ఆ కోరికకు తమ బిల్లును జామీను పెట్టాను.

అప్పటినుంచి రెండుసార్లు సమావేశాలు జరిగినవి. గడువు పొడిగించారు. మొన్న రాత్రి అన్నం పెడుతూ ముంతాజ్ అడిగింది. ఇంట్లో మా మాటలో సగం ఉర్దూ ఉంటుంది, సారు కోసం తెలుగు చేసి చెప్పాను. "యాటను ఆపుకున్నవు, నీ ఇష్టం. పిల్లను ఎట్ల ఆపుతవు? కాన్పుకు గడువు పొడిగిస్తరా మీ కమిటోళ్లు?"

అయ్యా, నేను తల వంచుకొని అన్నం తిన్నాను.

9. ఆ బిల్లు రాదు బిడ్డా, మానుకోటకు పోదాం పద అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది. చెబుదామని పొద్దున్నే ఫరహత్ దగ్గరికి పోతాను. ఆమె కూర్చొని కొంగు సర్దుకుంటూ, "ఏంది అబ్బాజాన్?" అంటుంది. ఏం లేదు, కూరకు ఏం తేవాలె అంటాను. మళ్లీ కొట్టుకు పోయి కార్జం తెస్తాను. ఆమె మా ఇంటికి వచ్చిన ఈ నెలంతా కార్జమే పెడుతున్నాము. ఇంతకుముందు ఇష్టంగా తినేది, ఇప్పుడు గిన్నె చూస్తేనే ముఖం తిప్పుకుంటుంది. చెప్పలేకపోయిన మాటంతా ఆమె పళ్లెంలోకి పోతున్నది.

రోజూ కత్తి పట్టేవాణ్ని, ఒక్క మాట తెగేసి చెప్పలేకపోతున్నాను. వియ్యంకుల ముందు మాట పోతుందని కొంత సిగ్గు ఉన్నది, లేదనను. కానీ అది కాదు. బిల్లు రాదని నా నోటితో చెబితే, మా మనుమడు పోయినందుకు ఈ లోకంలో ఏమీ మారలేదని చెప్పినట్టు. వాడు పోయినందుకు కనీసం ఒక డాక్టరైనా వస్తుందని ఇన్నాళ్లు అనుకుంటూ బతికాను. అది లేకపోతే వాడు ఊరికే పోయినట్టు. ఆ మాట నా బిడ్డకు నేను చెప్పలేను.

లస్మయ్య సారు ఇక్కడ కలం పక్కన పెట్టి మంచినీళ్లు తాగి వచ్చారు.

10. కావున తమరిని కోరునది:

(అ) సదరు బిల్లును వెంటనే పాస్ చేయించవలెను. లేదా,

(ఆ) "ఈ బిల్లు పాస్ కాదు" అని తమ ముద్ర వేసిన కాగితం మీద రాసి ఇప్పించవలెను.

(ఆ) కాగితం చేతికి వస్తే, అది ఫరహత్‌కు చూపిస్తాను. నేను చెప్పనవసరం లేదు, కాగితమే చెబుతుంది. సమయం ఉండగానే మానుకోటకు తీసుకుపోతాను. వియ్యంకులకు చూపించి, మాట తప్పింది నేను కాదు, సర్కారు అంటాను. ముజావర్‌కు చూపిస్తే మేక సంగతి కూడా ఆయనే తేలుస్తాడు.

లేదని రాసివ్వమని అడిగిన మనిషిని తన సర్వీసులో చూడలేదని లస్మయ్య సారు అన్నారు. జనం అవునని రాయించుకోవడానికి తిరుగుతారట, లేదనే మాట ఎట్లాగూ ఉచితంగా దొరుకుతుందట. ఈ రోజుల్లో అదీ దొరకడం లేదని ఆయనకు చెప్పాను.

ఒక్క మనవి. "పరిశీలనలో ఉన్నది" అని మాత్రం రాయవద్దు. అవునంటే బతుకుతాము. లేదంటే మా దారి మేము చూసుకుంటాము. ఉన్నది ఉన్నది అన్నందుకే దారి చూసుకోకుండా కూర్చున్నాము, కాన్పు దగ్గరికి వచ్చింది.

ఇందుమూలముగా సమస్తము తమ దయకు వదిలి, చిత్తగించవలెనని ప్రార్థన. చిత్తగించడానికి మరో కమిటీ వేయవలసి వస్తే, వద్దు, ఊరికే చదివినా చాలును.

తమ విధేయుడు,
షేక్ కుతుబుద్దీన్
(సదరు మేకకు యజమాని కాదు, కాపలాదారు)

తా.క.: ఈ కింది ముక్కలు లస్మయ్య సారు రాయలేదు. నేనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి.

సంతకం పెట్టిన అర్జీని కవరు కోసం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. నేను కొట్టుకు పోయి వచ్చేసరికి ఫరహత్ దాన్ని చదివేసింది. మొత్తం చదివి, మడిచి, ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది.

"అబ్బాజాన్, గీ బిల్లు కాదని నాకు బయ్యారంలనే ఎరుక" అన్నది.

"మరి ఎందుకొచ్చినవు?"

"అంతమంది ముంగట నువ్వు అట్లన్నంక నేను పోనంటె నీ తల ఏడ వెట్టుకుందువు? కాన్పుకు పదిరోజుల ముందు నేనే కహ్కషాన్ బాజీకి ఫోన్ చేద్దామనుకున్న. ఆమెకు చెప్పే వచ్చిన."

ఆమె ఒళ్లోని అర్జీ తీసి నా చేతికి ఇచ్చింది.

"ఇంకోటి ఉన్నది. ఆ దినం ఆటోల నాకు సోయి లేకుండె. వాన్ని నువ్వే పట్టుకున్నవట. నేను దవాఖాన నుంచి వచ్చేసరికి మట్టి కూడ ఇచ్చిండ్రు. అమ్మీని అడుగుదామంటె ఏడుస్తది. నువ్వేమో ఆ మాట వస్తె లేచి పోతవు. నీ దగ్గర నెల రోజులుంటె ఎప్పుడన్న చెప్తవని వచ్చిన. వాడు ఎట్లుండె?"

అయ్యా, నేను ఆమెకు బిల్లు సంగతి ఎట్లా చెప్పాలా అని చూస్తున్నాను. ఆమె నా పక్కన కూర్చొని ఈ మాట కోసం చూస్తున్నది. రోజూ కార్జం తెచ్చి పెట్టాను తప్ప, బిడ్డకు ఏం కావాలో అడగలేదు.

చెప్పాను. నెత్తి నిండా వెంట్రుకలు. ముక్కు తౌఫీక్‌ది. వేళ్లు పొడుగు. చెవులు మాత్రం నావే, పాపం, ఇంతింత. ఫరహత్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, ముంతాజ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ముగ్గురం కలిసి వాడి గురించి మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

రేపు పొద్దున మానుకోటకు పోతున్నాము. నేను ముందర డ్రైవరు పక్కన కూర్చుంటానంటే ఫరహత్ ఒప్పుకోలేదు, వెనక తన పక్కనే కూర్చోమన్నది. వియ్యంకునికి ఫోన్ చేసి నా మాట పోయిందని చెప్పాను. ఆయన, పోతే పోయింది బావా, పిల్ల పైలం అన్నాడు. పుష్పమ్మ మేకను చూసుకుంటానన్నది. దాన్ని తన చేనులో పడనివ్వకుండా ఉండాలంటే అదే దారి అట.

కాబట్టి (ఆ) కోరికను ఉపసంహరించుకుంటున్నాను. ఉపసంహరించుకొనుట అనే మాట తమ దగ్గరే నేర్చుకున్నాను. (అ) మాత్రం ఉంచుతున్నాను. అది మా కోసం కాదు. మేము పోతున్నామని తెలిసి సాయంత్రం తండా నుంచి ద్వాళి వచ్చింది. ఆమె కోడలికి ఆరో నెల. ఇన్నాళ్లూ నా కొట్టు దగ్గర నిలబడి నా క్లాజులన్నీ ఓపికగా విన్నది ఆమె ఒక్కతే. "అన్నా, డాక్టరు వస్తదంటివి గదా. కోడలిని ఉంచాల్నా, పట్నం తీస్కపోవాల్నా?" అని అడిగింది. రాదు అక్కా, ఇప్పటినుంచే పట్నంల ఇల్లు చూసుకో అని చెప్పాను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

లేదు అనే మాట నేనే చెప్పుకోగలనని తేలిపోయింది, దానికి తమ ముద్ర అక్కరలేదు. అవును అనే మాట మాత్రం నేను చెబితే చెల్లదు. అది తమరే చెప్పాలి.